డైకర్ హైట్స్ లైట్లు చూడ్డానికి కారెందుకండీ?

డిసెంబర్ వచ్చిందంటే జెర్సీ సిటీలో కొత్తగా దిగినవాళ్లు నన్ను తప్పకుండా అడిగేది ఒకటుంది. "బ్రూక్లిన్‌లో క్రిస్మస్ లైట్లంట కదండీ, టికెట్ ఎంత?" మొన్న అడిగిన అమ్మాయికి మూడేళ్ల పాప, ఊరి నుంచి వచ్చిన అత్తగారు, కొత్తగా కొన్న కారు ఉన్నాయి. మొదటి ఇద్దర్నీ తీసుకెళ్లమన్నాను, మూడోదాన్ని వదిలేయమన్నాను.

టికెట్ ఏమీ లేదు. ఆ లైట్లుండే డైకర్ హైట్స్ పార్కు కాదు, ఎగ్జిబిషనూ కాదు. మనుషులు కాపురముంటున్న ఇళ్లు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, ఒకప్పుడు ఎక్కువగా ఇటాలియన్ మూలాలవాళ్లు స్థిరపడిన పేట. 1986లో 84వ వీధిలో ఒకావిడ మొదలుపెట్టారు. ఆ వెలుగూ గోలా చూసి చుట్టుపక్కలవాళ్లు మొదట్లో విసుక్కున్నారట, తర్వాత వాళ్లే పోటీ పడ్డారు. ఇప్పుడు చాలామంది అలంకరణ కంపెనీలకు వేల డాలర్లిచ్చి చేయించుకుంటున్నారు. 83 నుంచి 86వ వీధి దాకా, 11 నుంచి 13వ అవెన్యూ దాకా తిరిగితే చూడాల్సింది దాదాపు చూసేసినట్టే.

కారు సంగతి నా అనుభవంతో చెప్తున్నా. వచ్చిన ఏడాది శనివారం సాయంత్రం బయల్దేరాం. పార్కింగ్ కోసం ముప్పావుగంట చక్కర్లు కొట్టి, ఓపిక నశించి, ఒకరి డ్రైవ్‌వేకి కాస్త అడ్డంగా పెట్టాను. "కాస్తే కదా" అనుకున్నా. తిరిగొచ్చేసరికి అద్దం మీద 95 డాలర్ల చీటీ. తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు.

జెర్సీ సిటీ నుంచైతే న్యూజెర్సీ, న్యూయార్క్ మధ్య నడిచే పాత్ రైల్లో వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, లోపల్నుంచే కోర్ట్‌లాండ్ స్ట్రీట్ స్టేషన్‌కి నడిచి, సబ్‌వే ఆర్ రైలెక్కి బ్రూక్లిన్‌లో 86వ వీధి స్టేషన్‌లో దిగండి. పాత్‌కీ సబ్‌వేకీ ఛార్జీ వేర్వేరు. సబ్‌వేలో 44 అంగుళాల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. 86వ వీధి స్టేషన్‌లో లిఫ్ట్ ఉంది కాబట్టి స్ట్రోలర్‌తో ఇబ్బంది లేదు. అక్కడ్నుంచి 11వ అవెన్యూ దాకా ఇరవై, పాతిక నిమిషాల నడక. అత్తగారికి మోకాళ్ల నొప్పులుంటే 86వ వీధి మీద వెళ్లే బీ1 బస్సెక్కించండి. శని, ఆదివారాల్లో రైళ్ల దారులు మారుతుంటాయి, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. ఎడిసన్ వైపువాళ్లు కారులోనే వస్తామంటే గోథల్స్, వెరజానో రెండు వంతెనలకీ టోల్ పడుతుందని ముందే లెక్కేసుకోండి.

ఎప్పుడు వెళ్లాలంటే, క్రిస్మస్‌కి ముందు వారం కాకుండా ఇంకెప్పుడైనా. థాంక్స్‌గివింగ్ అయిన వెంటనే కొన్ని ఇళ్లు ఇంకా సిద్ధం కావు. డిసెంబర్ రెండో వారంలో సోమ, మంగళ, బుధవారాలు నా ఓటు. నాలుగున్నరకే పొద్దుగూకుతుంది, అయిదున్నరకల్లా అక్కడుండండి. తొమ్మిది దాటాక ఒక్కో ఇల్లూ ఆర్పేస్తుంటారు. పగలు వెళ్లారంటే గాలి తీసేసిన శాంటాలు గడ్డి మీద తడిసిన దుప్పట్లలా పడి ఉంటాయి, పాప ఏడుస్తుంది.

చలిని తేలిగ్గా తీసుకోవద్దు. కారు దిగి షాపులోకి దూరే చలి కాదిది, రెండు గంటలు ఆరుబయట నిలబడే చలి. అత్తగారికి చీర కింద థర్మల్ ప్యాంటు, రెండు జతల సాక్సులు, చెప్పులు కాకుండా బూట్లు. ఫోన్ బ్యాటరీ చలికి చప్పున దిగిపోతుంది, కోటు లోపలి జేబులో పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం బాత్రూమ్. ఆ వీధుల్లో ఎక్కడా దొరకదు. స్టేషన్ దగ్గర కాఫీ షాపులోనే పని కానిచ్చుకోండి, తర్వాత ఇంకెవర్నీ అడగలేరు.

ఫోటో కోసం మెట్లెక్కడం, తీగల మీంచి దాటడం వద్దు. మా అమ్మ వచ్చినప్పుడు, మనిషికి నాలుగింతలున్న బొమ్మ సైనికుణ్ణి కింద నుంచి పై దాకా చూసి, "మన కోటప్పకొండ ప్రభల్లా ఉందిరా" అంది. రెండు నిమిషాలాగి, "కరెంటు బిల్లెవరు కడతారు?" అంది. ఇంటాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆవిడ ఏమందని నన్ను అడిగితే చెప్పాను. "మా ఆవిడా అదే అడుగుతుంది" అని నవ్వాడు.

చివర్లో దగ్గర్లోని ఇటాలియన్ బేకరీలో కనోలీ అనే గొట్టంలాంటి మిఠాయి తిందామని అందరూ అంటారు. గుడ్డు ముట్టనివాళ్లుంటే ముందు అడగండి. లోపల ఉండేది జున్నులాంటి రికోటానే గానీ, పై గొట్టంలో గుడ్డు, వైన్, ఒక్కోసారి పంది కొవ్వు కూడా కలుపుతారు. మా అమ్మకి హాట్ చాక్లెట్ ఇప్పించి, స్టీలు డబ్బాలో తెచ్చుకున్న పులిహోర రైల్లోంచి దిగాక తిన్నాం.