దుప్పటి అల్లుతావట కదా, ముందు ఇది చదువు

అమ్మలూ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, ఇది అన్నయ్య పెళ్లికి డబుల్ కాట్ దుప్పటి మొత్తం సొంతంగా అల్లి ఇస్తుందట, దారం కూడా ఆర్డర్ పెట్టేసింది" అంది. నాకు ఒక పక్క నవ్వొచ్చింది, ఒక పక్క గుండె దడ పట్టుకుంది. రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. ఫోన్‌లో చెప్తే నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అనేసి పెట్టేస్తావు, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా. పొడుగైంది, తిట్టుకోకు.

ముందు సంతోషం చెప్పనీ. మన ఇంట్లో లేసు సూది నాతోనే ఆగిపోతుందనుకున్నా. మీ అమ్మకి ఓపిక లేదు, మీ అక్కకి ఇష్టం లేదు. నువ్వేమో లాక్‌డౌన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నావు. మీరు క్రోషే అంటున్నారు, మేము లేసు అన్నాం, పని ఒకటే. మొన్న పంపిన ఫోటోలో చతురస్రాలు జూమ్ చేసి చూశాను. చెయ్యి బాగుంది, కాస్త బిగువు ఎక్కువ. సూదిని పీక నొక్కినట్టు పట్టుకుంటున్నావేమో, వదులుగా పట్టుకో.

ఇక లెక్క చెప్తా విను. మంచం మీద రెండు పక్కలా దిగాలంటే 90 అంగుళాల వెడల్పు, 100 అంగుళాల పొడుగు కావాలి. నీ చతురస్రం 5 అంగుళాలు. అంటే 18 ఇంటూ 20, మొత్తం 360. ఒక్కోటి నీకు ముప్పావు గంట పడుతోందని మీ అమ్మ చెప్పింది, అంటే 270 గంటలు. రోజుకి రెండు గంటలు తప్పకుండా కూర్చున్నా 135 రోజులు. జ్వరం రాకూడదు, ఆఫీసులో రిలీజు ఉండకూడదు, పండక్కి ఊరు రాకూడదు. ఇంకా అతుకుపని మొదలే కాలేదు చూడు! 360 ముక్కలు కలపాలంటే మధ్యలో 682 అతుకులు పడతాయి, నిన్న పెన్ను పట్టుకుని లెక్కేశా. అతుక్కి ఐదు నిమిషాలనుకున్నా మరో 57 గంటలు. దారం కొసల సంగతి నేను చెప్పను, నువ్వే లెక్కపెట్టుకో. ఒక్కో ముక్కలో మూడు రంగులంటే ఆరు కొసలు, 360 ముక్కలు.

ఇప్పుడు శ్రావణం, పెళ్లి మాఘంలో. అవుతుందా అంటే అవుతుంది, నువ్వు మనిషిలా మిగలవు. పెళ్లి ఫోటోల్లో కళ్ల కింద నల్లటి చారలతో ఉంటావు, మీ అన్నయ్యకేమో దుప్పటి ఇచ్చి ఉంటావు.

నా మాట విని మంచం కాళ్ల వైపు అడ్డంగా పరిచే పట్టీ అల్లు. హోటళ్లలో వేస్తారు కదా, రన్నర్ అంటారట. వరసకి 18, అలాంటి వరసలు నాలుగు, మొత్తం 72 ముక్కలు. 54 గంటల పని. మిగిలిన టైంలో రెండు దిండు గలీబులకి అంచు అల్లు. అల్లిందంతా ఎదురుగా కనిపిస్తుంది, మీ వదిన రోజూ తీసి పెట్టుకోగలుగుతుంది, ఉతుక్కోగలుగుతుంది. మొత్తం దుప్పటి కాటన్ దారంతో అల్లితే తడిసినప్పుడు ఎంత బరువుంటుందో తెలుసా, బావిలోంచి మనిషిని లాగినట్టు లాగాలి.

దారం ఏం కొన్నావు? ఉన్నిలా ఉండే యాక్రిలిక్ అయితే వెనక్కి పంపించెయ్. ఏప్రిల్‌లో హైదరాబాద్ ఎండకి దాని మీద ఎవరు పడుకుంటారు? కాటనే మంచిది. లేసుదారానికి నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది, అది గుర్తుపెట్టుకో, 40 నంబరు చూసి లావు అనుకునేవు. ముదురు ఎరుపు తీసుకుంటే మాత్రం ఒక మూర తడిపి తెల్లగుడ్డలో పెట్టి నొక్కు, రంగు దిగిందంటే ఆ ఉండ పక్కన పెట్టెయ్.

ఇంకోటి, నువ్వు చూసే వీడియోలు కొన్ని అమెరికా వాళ్లవి, కొన్ని ఇంగ్లండ్ వాళ్లవి. అమెరికా వాళ్లు డబుల్ అనే కుట్టు ఇంగ్లండ్ వాళ్లకి ట్రెబుల్. ఒకరి నమూనా చూస్తూ ఇంకొకరి కుట్టు వేస్తే ముక్క సైజే మారిపోతుంది. మాకీ తలనొప్పి లేదు, మా అమ్మ పేర్లు చెప్పి నేర్పలేదు, వేలు పట్టుకుని నేర్పింది, తప్పితే అదే వేలి మీద సూదితో ఒకటిచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మీ ఇంట్లో కుట్టుమిషన్ మీద తెల్లటి లేసుగుడ్డ మడతపెట్టి కప్పి ఉంటుందే, చిన్నప్పుడు నువ్వు దాని కంతల్లో వేళ్లు దూర్చి ఆడుకునేదానివి. దాని కథ మీ అమ్మ ఎప్పుడైనా చెప్పిందా? చెప్పి ఉండదు.

అది 1991లో మీ అమ్మ పెళ్లికి నేను అల్లిన దుప్పటి. సింగిల్ మంచానికి, అడ్డం 12, నిలువు 15, మొత్తం 180 ముక్కలు. నాకప్పుడు 22 ఏళ్లు, మా వీధిలో నా అంత నున్నగా అల్లేవాళ్లు లేరని నా పొగరు. లేసు ఏజెంటు కూలికిచ్చిన పని పగలు, చెల్లి దుప్పటి రాత్రి. సగానికి వచ్చేసరికి టైం చాలదని తెలిసి, పక్కింటి వదినని సాయం అడిగాను. ఆమె మంచిది, కాదనకుండా కూర్చుంది. అదే నమూనా, అదే నంబరు సూది. నావి ఐదంగుళాలు వచ్చేవి, ఆమెవి నాలుగున్నర. ఆమె చెయ్యి బిగువు. నేను కొలవలేదమ్మా! ఒక్కసారి కూడా ఒకదాని మీద ఒకటి పెట్టి చూడలేదు. అయినవి అయినట్టు వరసలు కలుపుకుంటూ పోయా, పై వరసలన్నీ నావి, కింద వరసలన్నీ ఆమెవి. ఒక్కో ముక్కకి అరంగుళం అంటే ఎంతలే అనిపిస్తుంది. 12 ముక్కలకి ఆరంగుళాలు. పైన 60 అంగుళాలు, కింద 54. దుప్పటి కాస్తా చాటలా తయారైంది.

ఆ తేడా మొదలయ్యాక నాలుగో వరస దగ్గరే మా అమ్మ చూసింది. బియ్యం ఏరుతూ ఏరుతూ తలెత్తి, "ఇది పక్కకి పోతోందే, విప్పెయ్" అంది. అంతే అంది, మళ్లీ బియ్యంలోకి వంగింది. నాకు ఒళ్లు మండిపోయింది. నీకేం తెలుసు, ఉతికి ఇస్త్రీ చేస్తే సర్దుకుంటుంది అన్నాను. విప్పి ఉంటే పోయేది పది రోజుల పని. విప్పలేదు.

పైగా దారం మూడుసార్లు కొన్నాను. అదే రకం, అదే నంబరు, అదే తెలుపు. లేబుల్ మీద రంగు అద్దిన విడత నంబరు ఒకటుంటుందని, అది కూడా కలవాలని నాకు తెలియదు. రాత్రి బల్బు వెలుగులో అన్నీ ఒకటే తెలుపు. పెళ్లికి నాలుగు రోజుల ముందు ఉతికి దండెం మీద వేశాను. ఎండలో చూస్తే పై సగం పాలు, మధ్యలో నీలిమందు వేసినట్టు, కింద మీగడ. కూలబడి ఏడ్చాను. తర్వాత తెలివి ఉపయోగించాను, అంటే మరో తప్పు చేశాను. చిక్కటి గంజి పెట్టి, కింది అంచుని లాగి లాగి నులకమంచం పట్టెకి కట్టి ఆరబెట్టాను. బల్లలా బిగిసింది. నలుగురూ వచ్చి "అబ్బ, ఎంత బాగా అల్లావే" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు.

అత్తారింట్లో మొదటిసారి ఉతికారు. గంజి పోయింది, చాట బయటపడింది. మీ నానమ్మ నలుగురిలో దాన్ని ఎత్తి పట్టుకుని, "ఏమ్మా, మీ అక్క దుప్పటి పంపిందా, బియ్యం చెరుక్కోమని చాట పంపిందా" అన్నారట. ఆవిడ సరదాకే అని ఉంటారు, ఆవిడ తీరే అంత. మీ అమ్మకి అప్పుడు 19 ఏళ్లు. నాకు ఈ మాట ఆరేళ్ల దాకా తెలియదు, తెలిశాక ఒక ఏడాది సూది ముట్టుకోలేదు.

మీ అమ్మ మాత్రం దాన్ని పారేయలేదు. మూడు ఇళ్లు మారారు, ఎన్ని సామాన్లు వదిలేశారో నీకు తెలుసు. వెడల్పు వైపు ముందుకు కనపడేలా, ఇరుకు వైపు లోపలికి వెళ్లేలా మడతపెట్టి మిషన్ మీద వేస్తుంది. ఎవరైనా అడిగితే "మా అక్క అల్లింది" అంటుంది. ఈసారి వెళ్లినప్పుడు మడత విప్పి చూడు, మూడు తెలుపులూ ఇప్పటికీ తెలుస్తాయి.

కాబట్టి ఏం చెయ్యాలంటే, మొత్తం దారం ఒకేసారి కొను, రెండు ఉండలు ఎక్కువే కొను, అన్నిటి మీదా ఆ విడత నంబరు ఒకటేనా చూసుకో. ముందు ఒక ముక్క అల్లి, కొలిచి, ఉతికి, ఆరాక మళ్లీ కొలువు. ఆ ముక్క దాచిపెట్టుకో, ప్రతి కొత్త ముక్కనీ దాని మీద పెట్టి చూడు. నీ చెయ్యి కూడా రోజూ ఒకేలా ఉండదు, ఆఫీసులో మేనేజర్ మీద కోపం వచ్చిన రోజు ముక్క చిన్నదవుతుంది, నవ్వకు, నిజం. ఫ్రెండ్స్ సాయం చేస్తామంటే కొసలు దాచే పని ఇవ్వు, అల్లే పని వద్దు. కొస నాలుగు వేళ్ల పొడుగు వదిలి మొద్దు సూదితో ఒకసారి అటు, ఒకసారి ఇటు లాగాలి, లేకపోతే మూడు ఉతుకుల్లో మధ్య రింగు నోరు తెరుస్తుంది. కలపడానికి ముందు ముక్కల్ని తడిపి, థర్మాకోల్ మీద ఐదంగుళాల గళ్లు గీసిన కాగితం పెట్టి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టు. తుప్పు పట్టని సూదులు. గంజి పెట్టి మాత్రం బీరువాలో దాచకు, పురుగులొస్తాయి.

తేడా వచ్చిందా, విప్పెయ్. రాత్రి ఒంటిగంటకి చూసుకున్నా సరే, ఆ రాత్రి పడుకుని పొద్దున్నే విప్పు.

కళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. మా అమ్మకి 50 దాటేసరికి సూదిలో దారం ఎక్కించడానికి పిల్లల్ని పిలిచేది. నువ్వు పగలంతా స్క్రీను చూసి రాత్రి మళ్లీ ఇది పట్టుకుంటావు. దీపం ఎడమ పక్కన పెట్టుకో, నల్లదారం రాత్రి ముట్టుకోకు, అరగంటకోసారి లేచి మెడ తిప్పు. నా ఎడమ చూపుడు వేలు మీద దారం వెళ్లిన గీత చూశావుగా, మొదటి కణుపు పక్కన, రాయి మీద బావితాడు పడినట్టు. నువ్వు చిన్నప్పుడు "ఇది ఎవరు కోశారు పెద్దమ్మా" అని ఊదేదానివి. నీ వేలికి గుడ్డ చుట్టుకో.

ఇక డిజైన్లు. ఫోన్‌లో అందరూ చూసేవే నువ్వూ చూసి అల్లితే మీ వదినకి బజార్లో కొన్నట్టే ఉంటుంది. ముగ్గుల పుస్తకం తియ్యి. గళ్ల కాగితం మీద చుక్కల ముగ్గు వేసి, గీత వచ్చిన గడి నింపి, మిగిలినవి ఖాళీగా వదిలితే నమూనా తయారు. చిలకలు, నెమళ్లు, కలశం, ఏదైనా వస్తుంది. మేము అలా ఎన్ని చేశామో, ఎక్కడెక్కడికో ఎగుమతి అయ్యాయి, మన వాకిట్లో ముగ్గని కొన్నవాళ్లకి తెలియదు. రంగులకి మీ అమ్మమ్మ పాత చీరల పెట్టె వెతుకు. గంధం రంగు మీద వంకాయ అంచుది ఒకటుంటుంది, దాన్ని పక్కన పెట్టుకుని దారం ఎంచు.

నాకింకో కోపం ఉంది. మీ అమ్మతో "ఖాళీ టైంలో చేసేదే కదా" అన్నావట. ఆ మాట అనకు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పి వెళ్లినప్పటి నుంచి నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు ఈ పని చేస్తున్నారు, అందరూ అనేది అదే, ఇంట్లో ఖాళీగా కూర్చుని లేసు అల్లుకుంటారని. వంట చేసి, గేదెల పని చూసి, పిల్లల్ని పడుకోబెట్టి అల్లేవాళ్లం, ఖాళీ ఎక్కడ ఏడ్చింది? నరసాపురం దగ్గర రుస్తుంబాదలో లేసు పార్కు పెట్టారు, 2024లో మన లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతం సరుకని ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. మా వీధిలో అల్లేవాళ్లు మాత్రం ఇద్దరే మిగిలారు, కూలి చాలక పిల్లలకి నేర్పలేదు. నువ్వు గోడకి కాగితం అంటించి, రోజూ ఎన్ని గంటలు కూర్చున్నావో రాయి. అన్నయ్యకి బిల్లు ఇవ్వమనట్లేదు, ఆ కాగితం మడిచి కానుకతో పెట్టు, వాడికి తెలియాలి.

అన్నట్టు పక్క ఫ్లాటు పాపకి కుందేలు బొమ్మ అల్లుతున్నావని కూడా విన్నా. మూడేళ్లు నిండని పిల్ల, కళ్లకి పూసలూ గుండీలూ పెట్టకు, నల్లదారంతో కుట్టెయ్. పీకి నోట్లో పెట్టుకుంటుంది. నాకు తలుచుకుంటేనే కాళ్లు వణుకుతున్నాయి. సూది కూడా సోఫాలో వదలకు.

15న రాత్రి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నా, నా సూదులు నేను తెచ్చుకుంటా. దారం పార్శిల్ వస్తే నేను వచ్చేదాకా విప్పకు, లేబుళ్లు నేను చూడాలి. విప్పేస్తావని తెలుసు, కనీసం లేబుళ్లు పారేయకు. ఆవకాయ చిన్న జాడీ తెస్తున్నా, అది తిన్న చేత్తో దారం ముట్టుకున్నావో, ఊరుకోను.

పెద్దమ్మ