ముందు కన్ను, తర్వాతే నోరు

చిరంజీవి చిట్టితల్లికి ఆశీస్సులు.

పటియాలా జాతీయ క్రీడా సంస్థ (ఎన్.ఐ.ఎస్.)లో ఆరు వారాల బ్యాడ్మింటన్ కోచింగ్ సర్టిఫికెట్ కోర్సు పూర్తిచేశావని తెలిసి చాలా సంతోషించాను. సోమవారం నుంచి పదేళ్లు, పదకొండేళ్ల పిల్లలు ఎనిమిదిమంది నీ చేతికి వస్తున్నారు కాబట్టి ఇప్పుడే నాలుగు మాటలు చెప్పాలి.

క్లియర్, అంటే షటిల్‌ని ఎత్తుగా అవతలి కోర్టు చివరిదాకా పంపే షాట్, కొట్టేటప్పుడు ఒక పిల్ల మోచెయ్యి కిందికి జారుతోందనుకో. కొత్త కోచ్‌లు "చెయ్యెత్తు, చెయ్యెత్తు" అని అరుస్తూనే ఉంటారు. తప్పు చాలాసార్లు కాళ్లలో ఉంటుంది. అవతలివాళ్లు షటిల్ కొట్టే క్షణానికి స్ప్లిట్ స్టెప్, అంటే ఎటైనా కదలడానికి సిద్ధంగా కాళ్లు ఎడంగా పెట్టి వేసే చిన్న గెంతు, పడకపోతే వెనక్కి వెళ్లడం ఆలస్యమవుతుంది. షటిల్ నెత్తి దాటిపోయాక అందుకోబోతే మోచెయ్యి దానంతటదే వంగుతుంది. అందుకని ఫీడింగ్, అంటే షటిల్స్ వేసే పని, ఒక పెద్ద పిల్లకి అప్పగించి నువ్వు పక్కకి రా. ఐదు షాట్లు పాదాలే చూడు. తర్వాతి ఐదు షాట్లు రాకెట్‌కి షటిల్ ఎక్కడ తగులుతోందో చూడు, తలకి ముందా వెనకా అని. ఆ తర్వాత చెప్పు, అదీ ఒక్కటే విషయం. రెండు చెబితే పిల్ల రెండూ వదిలేస్తుంది.

నీ చేతికీ సాధన కావాలి. కోర్టు వెనక గీతకీ, డబుల్స్ లాంగ్ సర్వీస్ గీతకీ మధ్య 76 సెంటీమీటర్ల పట్టీ ఉంటుంది కదా, ఖాళీ కోర్టులో దాన్నే గురిపెట్టి ఇరవై షటిల్స్ ఎత్తుగా కొట్టు. పదహారు అందులో పడేదాకా పిల్లలకి వరసగా షటిల్స్ వేసి ఆడించే మల్టీ షటిల్ సాధన మొదలుపెట్టకు. ఎప్పుడూ ఒకే తాళంలో వెయ్యకు. నీ తాళం అలవాటైపోతే పిల్లలు నువ్వు కొట్టకముందే కదులుతారు, మ్యాచ్‌లో అక్కడే దొరికిపోతారు.

సెషన్‌కి ముందు నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయి: ఈరోజు ఎవరిలో ఏం మారాలని. అయ్యాక మారిందో లేదో రాయి. రెండు వారాల తర్వాత తిరగేస్తే ఒకరిద్దరు పిల్లల పేర్లు అసలు కనిపించవు. వాళ్లని నువ్వు చూడలేదన్నమాట! కోచ్‌లు ఎక్కువగా పోగొట్టుకునేది ఇలాంటి నెమ్మదస్థుల్నే, అందుకే ఇది గట్టిగా చెబుతున్నాను.

వారానికోసారి ఇరవై నిమిషాలు ఫోన్ నీవైపు తిప్పి రికార్డు చెయ్యి, తల్లిదండ్రుల్ని అడిగాకే. ఎన్నిసార్లు సలహా చెప్పావు, చెప్పాక తర్వాతి మూడు షాట్లు చూశావా, పిల్లలు వరసలో ఎంతసేపు నిలబడ్డారు, ఈ మూడూ లెక్కపెట్టు. ఒక్కో సెట్టు నిమిషమైతే ఎనిమిదో పిల్ల ఏడు నిమిషాలు ఊరికే నిలబడుతుంది. ఆ సమయంలో ఇద్దరు షటిల్స్ ఏరాలి, మిగతావాళ్లు గీత బయట షాడో ఫుట్‌వర్క్, అంటే షటిల్ లేకుండా అడుగుల సాధన, చెయ్యాలి.

సీనియర్ల డ్రిల్స్ రాసుకుంటే సరిపోదు. ఏ తప్పు కోసం, ఏ వయసుకని అడిగి తెలుసుకో. అడగడం చిన్నతనమనుకోకు. 2019లో సింధు ప్రపంచ చాంపియన్ అయిన ఏడాది, గోపీచంద్ గారు చీఫ్ కోచ్‌గా ఉండగానే కొరియా కోచ్ కిమ్ జి హ్యూన్ కూడా ఆమె ఆట మీద పనిచేశారు. అంతటివాళ్లకే ఇంకో కన్ను కావలసి వచ్చింది.

మొదటి రెండు వారాల పేజీలు ఫోటో తీసి పంపు, కూర్చుని చదువుతాను.