బేస్‌లైన్ టెస్టు పెట్టబోతున్న మా బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే వారం నువ్వు పాఠాలు చెప్పే బడిలో, పిల్లలకు ఇప్పటికి ఏం వచ్చో చూసే బేస్‌లైన్ టెస్టు పెట్టాలట, ఆ టెన్షన్‌తో నువ్వు రెండు రోజుల నుంచి సరిగ్గా తినడం లేదట. ఫోన్‌లో చెప్పినవి సగం మర్చిపోతావు కాబట్టి రాస్తున్నాను. నేను ముప్పై నాలుగేళ్లు ప్రాథమిక బడుల్లోనే ఉన్నాను, ముందు నర్సంపేట వైపు, తర్వాత గూడూరు మండలంలో. ఇలాంటి టెస్టులు పేర్లు మారి వస్తూనే ఉండేవి. 2022లో, చిన్న తరగతులకు చదవడం, లెక్కలు గట్టిగా నేర్పాలని మన తెలంగాణ ప్రభుత్వం పెట్టిన తొలిమెట్టు వచ్చింది. పేరు ఏదైనా పని ఒకటే: తరగతిలో ఏ పిల్లల పక్కన మనం ఇంకొంచెం సేపు కూర్చోవాలో తొందరగా తెలుసుకోవడం.

ముందు ఒక పని చెయ్. ప్రశ్నపత్రం సంగతి పక్కన పెట్టి, నోట్‌బుక్‌లో ఒక పేజీ తీయి. వెనకబడ్డారని తేలిన పిల్లలకు రోజూ ఏ నలభై నిమిషాలు ఇస్తావు, ఆ టైంలో మిగతా పిల్లలకు ఏం పని ఇస్తావు, ఎవరు చూస్తారు, ఇవన్నీ రాసుకో. అది రాయకుండా టెస్టు పెట్టకు. మీ తాతయ్య పత్తి గింజలు పెట్టిన వారం పది రోజులకు సాళ్ల వెంట నడుస్తూ, మొలక రాని చోటల్లా మళ్లీ గింజ వేసి పోగుంటలు పెట్టేవాడు. సంచిలో గింజలు లేకుండా ఆయన చేనులోకి పోగా నేను ఎన్నడూ చూడలేదు. ఎక్కడ మొలవలేదో లెక్కపెట్టి ఇంటికి వస్తే ఏం లాభం? మన బడుల్లో చాలాసార్లు అదే జరుగుతుంది. లెక్కలు తీస్తాం, ఫార్మాట్ నింపి మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు పంపుతాం, పిల్లవాడు మాత్రం ఉన్నచోటనే ఉంటాడు.

ఇక టెస్టు. ఒక్కొక్కరినీ విడిగా పిలువు, వరండాలో పక్కన కూర్చోబెట్టుకో. నలుగురి ముందు చదివిస్తే బెరుకున్న పిల్లకు వచ్చింది కూడా నోట్లోంచి రాదు. ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు చాలు. ఇరవై ఎనిమిది మంది అన్నావు కదా, మూడు రోజులు పొద్దున పూట పెట్టుకో. మధ్యాహ్నం అన్నం తిన్నాక వద్దు, పిల్లలు తూగుతుంటారు. ఊళ్లలో ఇంటింటికీ పోయి పిల్లల చదువు చూసే అసర్ సర్వేలో చేసినట్టు మెట్లు మెట్లుగా పో: విడి అక్షరాలు, చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఆ తర్వాత చిన్న కథ. మన తెలుగుకు నేను మధ్యలో ఇంకో రెండు మెట్లు పెట్టేదాన్ని, గుణింతాల పదాలు ఒకటి, ఒత్తుల పదాలు ఒకటి. ‘అమ్మ’ అని గడగడా చదివే పిల్ల ‘కుమ్మరి’ దగ్గర ఆగిపోతుంది. ఆ పిల్లకు ‘అమ్మ’ బొమ్మలా గుర్తుంది, మ ఒత్తు మాత్రం రాలేదు. అట్లాగే ప, వ, మ ఒకటి అనుకుని ఇంకొకటి ఎక్కడ చదువుతున్నారో చూడు. ఎన్ని తప్పులు అన్నదానికంటే ఏ తప్పు అన్నదే నీకు పనికొస్తుంది.

పాఠ్యపుస్తకంలో పేరా మాత్రం ఇవ్వకు. రెండో తరగతి పిల్లలు పాఠం మొత్తం పుస్తకం చూడకుండా అప్పజెప్పగలరు. నువ్వు మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి ‘ఇదేంది?’ అని అడిగితే మొదటి నుంచి మళ్లీ ఎత్తుకుంటారు. కొత్త పేరా ఇస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి అరవై పదాలు అని ఉంది కదా, ఆ అంకెను పట్టుకుని భయపడకు. మన భాషలో ‘చదువుకుంటున్నారు’ అనేది ఒక్క పదమే, నోరు తిరిగేసరికి టైం పడుతుంది. వేగం రాసుకో, కానీ చదివాక ‘ఈ కథలో ఏం జరిగింది?’ అని తప్పక అడుగు. మెల్లగా చదివి కథంతా చెప్పిన పిల్ల గురించి నాకు బెంగ ఉండేది కాదు. వేగంగా చదివి ఒక్క ముక్కా చెప్పలేని పిల్లవాడి దగ్గరే ఎక్కువ కూర్చునేదాన్ని.

లెక్కల్లోనూ అంతే. 42లోంచి 17 తీసేస్తే 35 అని రాశాడనుకో, తప్పు అని గీత కొట్టి వదిలేయకు. ‘ఎట్లా చేశావు నాన్నా?’ అని అడుగు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీశాడు. వాడికి తీసివేత వచ్చు, పదిని విప్పి ఒకట్లు చేసుకోవడం రాదు. పుల్లల కట్టలతో వారం రోజులు చేయిస్తే వస్తుంది.

అందరూ తడబడేది గీత దగ్గర. ఎన్ని వస్తే సరే, ఎన్ని రాకపోతే సాయం కావాలి? ఆ గీతను ఎక్కడ గీసినా కొన్ని పొరపాట్లు తప్పవు. పైకి జరిపితే సాయం అక్కర్లేని పిల్లలు కూడా లిస్టులోకి వస్తారు. కిందికి జరిపితే సాయం కావాల్సిన వాళ్లు జారిపోతారు. ఈ రెండు పొరపాట్లూ సమానం కావు బిడ్డా. ఒక పిల్ల అనవసరంగా లిస్టులోకి వస్తే రెండు వారాలు ఎక్కువ చదువుతుంది, అంతే. జారిపోయిన పిల్ల మాత్రం ఐదో తరగతి దాకా నోరు మెదపకుండా పోయి, హైస్కూల్లో ఏదో ఒక రోజు బడి మానేస్తుంది. కాబట్టి గీతను కొంచెం పైనే పెట్టు. తర్వాత గీత కింద ఉన్నవాళ్లకు వారం ఆగి ఇంకో పేరాతో మళ్లీ చూడు. ఆ రోజు జ్వరంతో వచ్చినవాళ్లు, కొత్త టీచర్‌ని చూసి బెదిరినవాళ్లు ఈ రెండోసారిలో బయటపడతారు. ఒక్క రోజు టెస్టుతో ఏ పిల్ల మీదా ముద్ర వేయకు.

మీ తరగతిలో సగం మంది గీత కిందే ఉంటే? అప్పుడు విడిగా ఎవరినీ తీయకు. అంతమందికి ఒత్తులు రాలేదంటే ఒత్తులు సరిగ్గా చెప్పలేదని అర్థం. పొద్దున అరగంట తరగతి మొత్తానికీ ఒత్తులే చెప్పు. నెల తర్వాత కూడా మిగిలిన నలుగురైదుగురే నీ అసలు లిస్టు.

చదువు చూసే ముందు కళ్లు, చెవులు చూడు. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. మూడో తరగతిలో ఒక పిల్ల బోర్డు మీదిది ఎప్పుడూ తప్పుగా ఎక్కించుకునేది. టెస్టులో కూడా తడబడింది. ‘చదవలేదు’ అని రాసి చిన్న పిల్లల గుంపులో వెనక కూర్చోబెట్టాను. ఐదు నెలల తర్వాత బడి పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే పథకం డాక్టర్ల టీం బడికి వస్తే తెలిసింది, ఆమెకు దూరంవి కనబడవు. అద్దాలు వచ్చిన నెలలోనే మిగతావాళ్లను అందుకుంది. నేను తనకు ఇచ్చింది వెనక బెంచీ, తనకు కావాల్సింది ముందు బెంచీ. ఆ ఐదు నెలలు ఇప్పటికీ నన్ను వదలవు. నువ్వు టీం వచ్చేదాకా ఆగకు. కంటి చార్టు ఒకటి గోడకు పెట్టి ఆరు మీటర్ల దూరం నుంచి ఒక్కో కన్ను మూసి చూపించు. అక్షరాలు రానివాళ్లకు ఇంగ్లీషు ‘E’ అక్షరం అటూ ఇటూ తిప్పిన చార్టు ఉంటుంది. వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడు. అనుమానం వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపు.

మీ ఊరి చుట్టూ తండాలు ఎక్కువ. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో నీ తెలుగు ప్రశ్నకు పలకకపోతే, రాదు అని రాయకు. పెద్ద తరగతి పిల్లతోనో, వంట చేసే అక్కతోనో లంబాడీలో అడిగించు. తన భాషలో కథ చక్కగా చెప్పిందంటే ఆ పిల్లకు కావాల్సింది తెలుగు మాటలు, నెమ్మదిగా, ఆటపాటలతో. రేపు ఏటూరునాగారం వైపు బదిలీ అయితే కోయ పిల్లల విషయంలోనూ ఇదే గుర్తుంచుకో.

ఇంకొకటి. ఈ టెస్టు ఏ జబ్బు పేరూ చెప్పదు. ‘డిస్‌లెక్సియా (చదవడంలో పుట్టుకతో ఉండే ఇబ్బంది) ఏమో’ అని నువ్వు స్టాఫ్ రూంలో అన్నా ఆ మాట ఊరంతా తిరుగుతుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో చదవడం, రాయడం, లెక్కలకు సంబంధించిన ఇబ్బందిని కూడా చేర్చారు. 2018లో వచ్చిన మార్గదర్శకాల్లో మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్లకు గానీ, ఏది ముందొస్తే అప్పుడు, బడిలో టీచర్లే మొదటి స్క్రీనింగ్ చేయాలని రాశారు. తేల్చి చెప్పాల్సింది మాత్రం పిల్లల డాక్టరు, క్లినికల్ సైకాలజిస్టు. నువ్వు రెండు మూడు నెలలు రోజూ కూర్చుని నేర్పినా అంగుళం కదలకపోతే, వారం వారం రాసుకున్న నోట్సు పట్టుకుని ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రంలో, వాళ్లకు నేర్పే ఐఈఆర్‌పీని కలువు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల జాతీయ సంస్థ (ఎన్‌ఐఈపీఐడీ) కూడా ఉంది. అప్పుడు నీ నోట్సే అన్నిటికంటే విలువైన కాగితం.

లిస్టు నీ బీరువాలో ఉండాలి, గోడ మీద కాదు. వెనకబడ్డవాళ్లకు పెట్టే ‘సీ గ్రూపు’ అనే పేరు పిల్లల చెవిన పడనీయకు. తల్లిదండ్రులతో సాయంత్రం పనుల నుంచి వచ్చాక మాట్లాడు, పగలు పిలిస్తే కూలి పోతుంది. పిల్లకు వచ్చినవి ముందు చెప్పి, తర్వాత కావాల్సిన సాయం చెప్పు. ఇంట్లో ఎవరైనా చదివి వినిపిస్తారా అని అడిగేముందు, వాళ్లకు చదువు వచ్చో రాదో గమనించు. రాకపోతే ‘పిల్ల చదువుతుంటే పది నిమిషాలు పక్కన కూర్చోండి’ అంటే చాలు, ఆ మాట వాళ్లకు చిన్నతనం కాదు.

దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి మళ్లీ చూడు. పత్తి ఏరే రోజుల్లో కొందరు బడికి రారు, వాళ్లు తిరిగి వచ్చాక విడిగా చూడు. మేడారం జాతర ఉన్న ఏడాది ఆ వారం టెస్టు జోలికి పోకు. అందుకున్న పిల్లను వెంటనే గుంపులోంచి తీసి పంపు. ఏడాదంతా అక్కడే ఉంచితే ఆ పిల్ల తన గురించి తాను తక్కువ అనుకోవడం నేర్చుకుంటుంది. మొదటి నెల అంకెలు తక్కువగా వస్తే తక్కువగానే పంపు. దిద్ది పంపిన అంకెలతో ఆ పిల్లకు రావాల్సిన నలభై నిమిషాలు పోతాయి.

ఆదివారం ఇంటికి రా. నా చేత్తో రాసిన పేరా కార్డులు డెబ్బై దాకా ఉన్నాయి, మెట్ల ప్రకారం రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టాను. ఒత్తుల కట్టలో కొన్ని చినిగాయి, వాటిని నువ్వే కొత్తగా రాసుకో. జొన్న రొట్టె చేస్తాను, కడుపునిండా తిని పోదువు.

నీ పెద్దమ్మ