తుపాను రాత్రి, గోడ పడిన రాత్రి

ప్రశ్న: మా అబ్బాయి 1989 నవంబర్ 9 తెల్లవారుజామున కావలిలో పుట్టాడు. బయట తుపాను, లోపల లాంతరు వెలుగులో కాన్పు. ఇప్పుడు వాడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. ‘నువ్వు బెర్లిన్ గోడ పడినరోజు పుట్టావు’ అని ఆఫీసువాళ్లు ఏటా వాడిచేత కేకు కోయిస్తారట. మాకైతే ఆ గోడ సంగతి పది రోజులకు గానీ తెలియలేదు. మీరు అప్పట్లో పత్రికలో పనిచేశారు కదా, ఆ ఏడాది లోకంలో ఇంకా ఏమేం జరిగాయో చెప్పండి.
— ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, ముందు ఆ కేకు సంగతి తేల్చాలి. మీవాడు పుట్టేసరికి బెర్లిన్‌లో ఇంకా 8వ తేదీ రాత్రే. తూర్పు, పశ్చిమ బెర్లిన్‌లను విడదీసిన ఆ గోడలో గేటు తెరుచుకున్నది మరునాటి రాత్రి పదకొండున్నరకు, అంటే మనకు 10వ తేదీ తెల్లవారుజామున నాలుగింటికి. గోడ కన్నా మీవాడు ఒకరోజు పెద్ద. ఈ మాట వాళ్లకు చెప్పొద్దనండి, కేకు పోతుంది.

ఆ రెండు రాత్రులూ నేను విజయవాడలో నైట్ డ్యూటీలో ఉన్నాను. మా అక్కవాళ్లది కావలి పక్కనే పల్లె. 8 రాత్రి తుపాను తీరం దాటింది, ఫోన్లు చచ్చిపోయాయి. ఆ తుపాను ఇక్కడ పుట్టింది కాదు. థాయ్‌లాండ్ సింధుశాఖలో లేచి, సీక్రెస్ట్ అనే చమురు తవ్వకపు ఓడను ముంచి 91 మందిని మింగి, ఆ దేశాన్ని అడ్డంగా దాటి, బంగాళాఖాతంలో మళ్లీ బలం పుంజుకుని మన మీదికి వచ్చింది. 9వ తేదీ రాత్రి మొదటి పేజీ అంతా కావలి, నెల్లూరే. ఎవరు ఏ వార్త చెప్పినా, ‘మా అక్కవాళ్ల ఊరు ఉందా లేదా’ అన్నదొక్కటే నా బుర్రలో తిరుగుతోంది.

పదకొండున్నర దాటాక టెలిప్రింటర్ గంట కొట్టింది. తూర్పు జర్మనీ సరిహద్దులు తెరుస్తోందని రెండు లైన్లు. అప్పటికి దూరపు ఊళ్లకు వెళ్లే డాక్ ఎడిషన్ వెళ్లిపోయింది, సిటీ పేజీ పేస్టింగ్ బల్ల మీద ఉంది. విద్యుత్ స్తంభాల లెక్క చెప్పే ఐటమ్ కింద ఒక కాలమ్ ఖాళీ దొరికింది. ‘తూర్పు జర్మనీలో ప్రయాణ ఆంక్షల సడలింపు’ అని హెడ్డింగ్ పెట్టి అక్కడ అతికించాను. శతాబ్దంలోని పెద్ద వార్తల్లో ఒకటి, నా చేతిలో సింగిల్ కాలమ్ అయింది. మర్నాడు ఎడిటర్‌గారు ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధనిపించింది.

అసలు జరిగింది తెలిశాక నవ్వొచ్చింది కూడా. గుంటర్ షబోవ్‌స్కీ అనే తూర్పు జర్మనీ పార్టీ పెద్ద ప్రెస్‌మీట్‌కు వెళ్లేముందు ఆయన చేతిలో ఓ కాగితం పెట్టారు. సరిహద్దులు దాటనివ్వాలన్న ఆ నిర్ణయం జరిగినప్పుడు ఆయన లేడు, కాగితం సరిగ్గా చదవనూ లేదు. మర్నాటి దాకా బయటపెట్టకూడదన్న సంగతి ఆయనకు తెలియదు. ఎప్పట్నుంచి అమలు అని విలేఖరి అడిగితే కాగితాలు అటూ ఇటూ తిరగేసి, తనకు తెలిసినంతవరకు ఇప్పట్నుంచేనన్నాడు. టీవీలో అది విని జనం గోడ దగ్గరికి వెళ్లారు. బోర్న్‌హోమర్ వీధి గేటు దగ్గర డ్యూటీలో ఉన్న హరాల్డ్ యేగర్ అనే అధికారి పైవాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. స్పష్టంగా ఏదీ చెప్పేవాడు లేక, జనం పెరిగిపోయి, చివరికి తనే తీయించాడు. నైట్ డ్యూటీలో ఒంటరిగా నిర్ణయం తీసుకోవడం ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలుసు గనక ఆయనంటే అభిమానం.

కానీ నన్నడిగితే గోడకు పగులు ఇచ్చింది హంగరీ కంచె. తూర్పు జర్మన్లు హంగరీ దాకా వెళ్లగలిగేవారు, అవతలి ఆస్ట్రియాకు, అంటే పశ్చిమానికి, వెళ్లనీయకుండా ఆపింది ఆ కంచే. ఆస్ట్రియా సరిహద్దు పొడవునా కరెంటు సిగ్నల్ తీగలుండేవి. అవి పాతబడి, కుందేలు తగిలినా పిట్ట వాలినా అలారం మోగేది. కొత్త తీగ కావాలంటే పశ్చిమ దేశాల నుంచి డబ్బు పోసి కొనాలి. ప్రధాని మిక్లోష్ నేమెత్ ఆ ఖర్చు బడ్జెట్లోంచి కొట్టేశాడు. మే 2 నుంచి కంచె పీకడం మొదలుపెట్టారు. జూన్ 27న రెండు దేశాల విదేశాంగ మంత్రులు తీగ కత్తిరిస్తున్న ఫొటో వచ్చిందే, అప్పటికి చాలాచోట్ల కంచె లేదు. ఫొటో కోసం మిగిలిన ముక్క వెతుక్కోవలసి వచ్చింది. ఆగస్టు 19న సోప్రోన్ దగ్గర పిక్నిక్ పేరుతో గేటు తెరిస్తే సుమారు 600 మంది తూర్పు జర్మన్లు దాటేశారు. సెప్టెంబర్ 11 నుంచి సరిహద్దు వాళ్లకు బాహాటంగా తెరిచేశారు. ఇంత జరుగుతున్నా ఇది లోపలి పేజీ దాటి మా దగ్గర బయటికి రాలేదు.

ఇక జూన్ 4, ఆదివారం. అంతకు ముందు రాత్రే బీజింగ్‌లో తియానన్మెన్ చౌకు మీదికి సైన్యం కదిలింది. ఏప్రిల్‌లో సంస్కరణల వైపు నిలిచిన నాయకుడు హు యావోబాంగ్ పోయినప్పటి నుంచి విద్యార్థులు అక్కడ చేరుతూనే ఉన్నారు. అది బ్యానర్, అందులో వాదన లేదు. ఈలోగా టెహ్రాన్ నుంచి ఇరాన్ అధినేత ఖొమేనీ మరణవార్త. రష్యాలో ఉఫా దగ్గర పైపులోంచి కారిన గ్యాసు, రెండు రైళ్లు ఎదురెదురుగా వెళ్తున్న సమయానికి అంటుకుంది. లెక్క తేలాక 575 మంది, అందులో చాలామంది పిల్లలు. వీటన్నిటి మధ్యా పోలండ్‌లో ఎన్నికలు. ఎవరో ఓట్లు వేసుకుంటున్నారు, తర్వాత చూద్దాం అని నాలుగు లైన్లకు కుదించాను. ఆ ఎన్నికల్లో కమ్యూనిస్టు ప్రభుత్వం దిగువ సభలో పోటీకి వదిలిన 161 సీట్లూ ప్రతిపక్ష కార్మిక ఉద్యమం సాలిడారిటీకే వచ్చాయి, సెనేట్‌లో నూటికి 99. ఆగస్టుకల్లా వాళ్ల మనిషి మజోవియెత్‌స్కీ ప్రధాని అయ్యాడు. అంటే ఒకే ఏడాది రెండుసార్లు బోల్తా పడ్డాను.

మిగతావి గబగబా: ఫిబ్రవరి 15న సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్ వదిలింది. ఆగస్టు 23న మూడు బాల్టిక్ దేశాల జనం టాలిన్ నుంచి విల్నియస్ దాకా చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఆ రెండు రోజులకే అమెరికా అంతరిక్ష నౌక వోయేజర్ 2 నెప్ట్యూన్‌ను దాటింది.

మా అక్క క్షేమమని 12న ఓ లారీ డ్రైవరు కబురు తెచ్చాడు. ఇంటి మీద పెంకులు లేవు, గొడ్డు ఒకటి పోయింది, ఆవకాయ జాడీలు మాత్రం బతికాయి. బెర్లిన్ గురించి చెబితే, ‘ఎవరి గోడ పడిందిరా, మనవాళ్లదేనా?’ అంది.

ప్రశ్న: ఆ నవంబర్లోనే సచిన్ మొదటి టెస్టు ఆడాడు. అప్పుడే గుర్తించారా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: లేదండీ. 15న కరాచీలో మొదలైంది, 16 ఏళ్లవాడు 15 పరుగులకు వకార్ యూనిస్ బంతికి బౌల్డయ్యాడు. వకార్‌కూ అదే తొలి టెస్టు. మా హెడ్డింగంతా కపిల్‌దేవ్ వందో టెస్టు గురించే. మ్యాచ్ డ్రా.

ప్రశ్న: రుమేనియా నియంత పేరు పాత పత్రికల్లో నాలుగు రకాలుగా కనిపిస్తోంది. ఏది సరైనది?
— ఒక పరిశోధక విద్యార్థిని, తిరుపతి

జవాబు: చౌషెస్కు. డిసెంబర్ 21న బుఖారెస్ట్ సభలో జనం ఆయన్ని గేలి చేసేదాకా మాకు ఆ పేరుతో పెద్దగా పనిపడలేదు. ఇంగ్లిష్ అక్షరాలు చూసి ఒకరు సియాసెస్కూ అని, ఇంకొకరు కౌసెస్కూ అని రాశాం. 22న హెలికాప్టర్లో పారిపోయాడు, 25న విచారణ ముగించి కాల్చేశారు. చౌషెస్కు అని మా డెస్కులో ఖాయం చేసుకునేసరికి మనిషి లేడు.