ఉగాది నాటికి ఎర్రబడే ఉల్లంకి పిట్టలు

ప్రశ్న: సంక్రాంతి రోజుల్లో కాకినాడ తీరాన కుంభాభిషేకం అనే చోటి వైపు బురద మేటల మీద బూడిదరంగు ఉల్లంకి పిట్టలు గుంపులుగా కనిపించాయి. ఉగాది తరువాత చూస్తే కొన్ని ఇటుక రంగులో ఉన్నాయి, కొన్ని మునుపటిలాగే ఉన్నాయి. ఇవి వేరే జాతులా? పైగా ఒక్కోరోజు ఒక్క పిట్ట కూడా కనబడటం లేదు. ఏ వేళకు వెళ్లాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు చూసిన రెండు రంగుల పిట్టలూ ఒకే జాతివి కావచ్చు. చలికాలమంతా మన తీరంలో గడిపే వలస పక్షులు, గూళ్లు కట్టుకునే చోటికి బయలుదేరే ముందు, మార్చి, ఏప్రిల్ నెలల్లో పాత ఈకలు రాల్చి కొత్త ఈకలు తొడుగుతాయి. కిందికి వంగిన పొడుగు ముక్కుతో, కుట్టుమిషను సూదిలా బురదను పొడుస్తూ నడిచేది కర్ల్యూ శాండ్‌పైపర్ అయి ఉంటుంది. దాని మెడ, రొమ్ము, పొట్ట ఇటుక రంగుకు తిరుగుతాయి, ఎగిరినప్పుడు తోక మొదట తెల్లగా కనిపిస్తుంది. పొట్టి ముక్కుతో నాలుగడుగులు పరుగెత్తి, ఠక్కున ఆగి, కంటికి కనబడిన పురుగును అందుకునేది శాండ్ ప్లవర్. దానికి రొమ్ము మీద ఎర్రటి పట్టీ, కళ్ల మీదుగా నల్లటి గంత వస్తాయి. మొదటిది సైబీరియా ఉత్తరపు అంచున ఉన్న టండ్రాకు పోతుంది. రెండోది, మన వైపు ఎక్కువగా కనిపించే రకమైతే, టిబెట్ పీఠభూమికి చేరుతుంది.

రంగు మారనివాటిలో చాలావరకు నిరుడు పుట్టిన పిల్లలు. మొదటి ఏడాది గూడు కట్టే వయసు రాదు కనుక వాటిలో అనేకం ఉత్తరానికి పోకుండా ఎండాకాలమంతా ఇక్కడే ఉండిపోతాయి. మే నెలలో బూడిదరంగు పిట్ట కనబడితే గాయపడి ఆగిపోయిందని కంగారు పడనక్కరలేదు. మచ్చలు మచ్చలుగా ఉన్నవి మాత్రం ఈకల మార్పు సగంలో ఉన్న పెద్ద పక్షులు. చూడటానికి నాకు అవే ఎక్కువ ఇష్టం.

వేళ విషయానికి వస్తే, తెల్లవారుజామునే వెళ్లాలన్న నియమం ఇక్కడ అంతగా పనికిరాదు. నీరు బాగా లాగినప్పుడు పక్షులు మేటలంతటా చెదిరిపోయి, బైనాక్యులర్స్‌లో కూడా చుక్కల్లా ఉంటాయి; పోటు నిండినప్పుడు మేటలు మునిగిపోతాయి కనుక ఇసుక దిబ్బలకో, మడ అడవుల వెనుక ఉన్న పర్రలకో (చౌడు బయళ్లకో) వెళ్లిపోతాయి. మీకు ఒక్కటీ కనబడని రోజులు బహుశా ఇవే. పోటు నిండటానికి రెండు మూడు గంటల ముందు గట్టున కదలకుండా కూర్చుంటే, పెరిగే నీరే వాటిని మీ దగ్గరకు తోలుకొస్తుంది. కాకినాడ తీరం తూర్పు ముఖం కనుక పొద్దున ఎండ కళ్లలో పడి రంగులు తెలియవు. సాయంత్రం పోటు వచ్చే రోజును ఎంచుకోండి.

అందుకు పంచాంగం పనికొస్తుంది. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అమావాస్య, పౌర్ణములప్పుడూ ఆ తరువాతి ఒకటి రెండు రోజుల్లోనూ ఉధృతంగా ఉంటుంది. ఉగాది అమావాస్య మర్నాడే కనుక ఆ రోజుల్లో మేటలు చాలా దూరం బయటపడి, అంతే త్వరగా మునుగుతాయి. బురదలోకి దిగకండి, కాళ్లు దిగబడే ప్రమాదం ఒకటైతే, దూర ప్రయాణానికి కొవ్వు పెంచుకుంటున్న పక్షులను మేత మీద నుంచి పదేపదే లేపడం మరొకటి.

మే సగానికి ఎర్రవి దాదాపు అన్నీ వెళ్లిపోతాయి. కర్ల్యూ శాండ్‌పైపర్లలో గుడ్లు పొదిగే పని ఆడదానిదే కనుక మగవి ముందుగా తిరుగు ప్రయాణం కడతాయి. జూలై నెలాఖరు నుంచి ఆగస్టులో వెళ్లి చూడండి, సగం వెలిసిన ఎరుపుతో అవి మళ్లీ మేటల మీద కనిపిస్తాయి.