‘తుస్సు’ అని శీర్షిక పెట్టే ముందు

చి. వాణికి ఆశీస్సులు.

అంతర్జాతీయ వార్తల డెస్కులో చేరావనీ, క్షిపణి పరీక్ష విఫలమైతే ఆ వార్త ఎలా రాయాలో చెప్పమనీ అడిగావు. నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. 2012 ఏప్రిల్‌లో ఉత్తర కొరియా ఉన్హా-3 రాకెట్ గాలిలోనే ముక్కలైతే, ‘తుస్సుమన్న కొరియా రాకెట్’ అని శీర్షిక పెట్టి నవ్వుకుంటూ ఇంటికి వెళ్లాను. ఎనిమిది నెలలకే, డిసెంబరులో, అదే రకం రాకెట్ ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చింది. ఉపగ్రహ వాహకానికీ దూరశ్రేణి క్షిపణికీ సాంకేతికత చాలావరకు ఒకటే కనుక నా నవ్వు ఎంత తొందరపాటో అప్పుడు తెలిసింది.

కాబట్టి విఫలమైందని రాసి ఊరుకోకుండా, ఎగిరిన ఎంతసేపటికి, ఏ దశలో విఫలమైందో వెతికి రాయి. మొదటి దశలోనే పేలినదానికీ, మూడో దశ దాకా వెళ్లి ఆగినదానికీ చాలా తేడా ఉంది. రెండోది విజయానికి ఒక మరమ్మతు దూరంలో ఉన్నట్టే.

పరీక్ష విఫలమైనా పొరుగువారికి భయం తప్పదన్నది మరువకు. 2023 మే 31న ఉత్తర కొరియా నిఘా ఉపగ్రహ ప్రయోగం విఫలమై రాకెట్ పసుపు సముద్రంలో కూలింది, కానీ ఆ తెల్లవారే సియోల్ ప్రజల ఫోన్లకు ఖాళీ చేయడానికి సిద్ధంగా ఉండమని హెచ్చరిక వచ్చింది, కాసేపటికి అది పొరపాటన్నారు. ఇలాంటి పొరపాటు ఫోన్ల దగ్గర కాక, ఎదురుదాడి మీట దగ్గర జరిగితే ఏమిటన్నదే అసలు వార్త. దక్షిణ కొరియా సముద్రంలోంచి శకలాలు తీసి పరిశీలించింది; ఉత్తర కొరియా ఆగస్టులో మళ్లీ విఫలమై, నవంబరులో గెలిచింది. ఆ వెంటనే దక్షిణ కొరియా, రెండు కొరియాల మధ్య 2018లో కుదిరిన సైనిక ఒప్పందంలో కొంత భాగాన్ని నిలిపివేస్తే, ఉత్తర కొరియా మొత్తం ఒప్పందాన్నే పక్కన పెట్టేసింది.

వైఫల్యం శత్రుదేశానిదైతే వెటకారం, మిత్రదేశానిదైతే మౌనం మన వృత్తికి పాత జబ్బు. 2016 జూన్‌లో బ్రిటన్ అణు జలాంతర్గాముల నుంచి ప్రయోగించే ట్రైడెంట్ క్షిపణి పరీక్ష విఫలమైంది. మరుసటి నెలలోనే ఆ అణు జలాంతర్గాములను కొత్తవాటితో మార్చడానికి పార్లమెంటు ఓటు వేసింది. సంగతి 2017 జనవరిలో గాని పత్రికలకెక్కలేదు. 2024 జనవరిలో మరోసారి విఫలమైనప్పుడు, తమ అణు నిరోధక శక్తిపై, అంటే శత్రువు దాడికి వెనుకాడేలా చేసే అణ్వాయుధ బలంపై, పూర్తి నమ్మకం ఉందని ప్రభుత్వం చెప్పింది. ఆ మాటను ప్రభుత్వం మాటగానే ఉటంకించు, నిర్ధారణగా రాయకు. కుట్రతో చెడగొట్టారన్న ఊహాగానాలకూ అదే పద్ధతి.

సంక్రాంతికి వచ్చినప్పుడు నా కొరియా కత్తిరింపుల కట్ట తీసుకెళ్లు. ‘తుస్సు’ శీర్షిక కూడా అందులోనే ఉంది.

మీ పెదనాన్న