తోడేళ్ల మందను ‘జీవి’ అనవచ్చా?

సందేహం: జీవవైవిధ్య వివరాల నమోదుకు వాడే డార్విన్ కోర్ ప్రమాణాన్ని తెలుగు చేస్తున్నాం. ‘ఆర్గనిజం’ అన్నచోట ‘జీవి’ అని రాశాం. తీరా చూస్తే తోడేళ్ల మంద కూడా ఆర్గనిజమే అంటున్నారు. మందను జీవి అనడం తప్పు కాదా? వలలో పడ్డ రకరకాల ప్లవకాలను (నీటిలో కొట్టుకుపోయే జీవులను) ‘మిశ్రమ జీవి’ అనవచ్చా?

సమాధానం: ‘జీవి’ని ఉంచండి. ‘మిశ్రమ జీవి’ని కొట్టేయండి.

మామూలుగా మాట్లాడేటప్పుడు మందను జీవి అనం. మీకు ఎబ్బెట్టుగా తోచడం సహజమే. కానీ ఆ ప్రమాణంలో ఆర్గనిజం అంటే ఫలానా అని చూపగలిగిన ఒక జీవి, లేదా ఒకే వర్గానికి చెందినవిగా భావించి హద్దు గీసిన జీవుల గుంపు. వాడుకలో ఉన్న మాటకు శాస్త్రం తన అర్థం ఇచ్చుకోవడం మనకు కొత్త కాదు. భౌతికశాస్త్రంలో ‘పని’ అలాంటిదే. పైగా ‘తోడేళ్లు వచ్చాయి’ అంటాం, ‘తోడేళ్ల మంద వచ్చింది’ అంటాం. గుంపును ఒకటిగా లెక్కించే పద్ధతి మన వ్యాకరణంలోనే ఉంది. నిర్వచనాన్ని పక్కనే తెలుగులో ఇస్తే చాలు.

‘వ్యష్టి’ అంటే పోదా అని కొందరు అడుగుతారు. అది సమష్టికి ఎదురుమాట కాబట్టి మందకు అసలే పొసగదు. 2009లో ప్రమాణం ఆమోదం పొందినప్పుడు ఒక్కో జీవికి ఇచ్చే గుర్తింపు సంఖ్య పేరులో ‘ఇండివిడ్యువల్’ అనే ఉండేది. 2014లో దాని స్థానంలోకి ‘ఆర్గనిజం’ వచ్చింది.

ఇక ‘మిశ్రమ జీవి’. ఈ మాట వినగానే తెలుగు పాఠకుడికి రెండు జాతుల సంకరం గుర్తొస్తుంది. విశేషణం తన పక్కనున్న నామాన్నే పట్టుకుంటుంది మరి. ఇక్కడ కలగలుపు వలలో పడ్డ సరుకుది, అందులోని ఏ జీవిదీ కాదు. అందుకే ‘మిశ్రమ నమూనా’ అనాలి. ప్రమాణంలో దానికి ‘మెటీరియల్ శాంపిల్’ అనే వేరే తరగతి ఉంది. ‘దరఖాస్తు నమూనా’ లాంటి వాడుకతో గందరగోళం రాకుండా మొదటిసారి ‘సేకరించిన నమూనా’ అని రాయండి.

ఇది మాటల పట్టింపు కాదు. ఒక తిమింగలాన్ని తోక మీది మచ్చలతో గుర్తుపట్టి, ఏళ్ల తర్వాత మరోచోట మళ్లీ చూస్తే, ఆ రెండు నమోదులనూ కలిపేది జీవి సంఖ్యే. వలలోని కలగలుపుకు ఆ సంఖ్య ఇస్తే ఒకే ‘జీవి’కి పది జాతుల పేర్లు తగులుతాయి. ‘ఇదే మళ్లీ కనిపించింది’ అనే వాక్యానికి అర్థమే ఉండదు. అందులోంచి ఒక ప్లవకాన్ని ఏరి జాతి తేల్చారా, అప్పుడు దానికి జీవి సంఖ్య ఇవ్వండి. ఏ నమూనాలోదో కూడా రాయండి.

లైకెన్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. అందులో శిలీంధ్రమూ (బూజు, పుట్టగొడుగుల కోవది) శైవలమూ (నాచు లాంటిది) కలిసే బతుకుతాయి. శాస్త్రీయ నామాల నియమావళి ప్రకారం లైకెన్‌కు పెట్టిన పేరు శిలీంధ్రానికే చెందుతుంది. కాబట్టి బండ మీద చూసినదాన్ని ఆ పేరుతో ‘జీవి’గా రాయవచ్చు. డీఎన్‌ఏ పరీక్షకు కోసిన ముక్క ‘నమూనా’. అందులో బయటపడ్డ శైవలాన్ని విడిగా, దాని సొంత పేరుతో నమోదు చేయండి.